ఉప్పల్ మైదానము: ప్రేక్షకుని మనసులో నిలిచిన ఘట్టములు

ఆట ఆడేవారికి ఒక చరిత్ర ఉన్నది. పరుగులు, వికెట్లు, పతకములు అని లెక్కగట్టి దానిని పుస్తకములలో భద్రపరుస్తున్నారు. ఆట చూచేవారికి కూడా ఒక చరిత్ర ఉన్నది. అది వ్రాతలో లేదు. టీ దుకాణములలో, బస్సులలో, పెళ్లి పందిళ్లలో నోటిమాటగా బ్రతుకుతున్నది. "ఆ రోజు నేను అక్కడ ఉన్నాను" అనే మాటతో అది మొదలవుతుంది. ఎన్నో పోటీలు చూచిన అభిమానికి ఏవో కొన్ని ఘట్టములే ఎందుకు మిగులుతాయి? మిగిలేవన్నీ గెలుపులేనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకడానికి దూరదేశములకు పోనక్కరలేదు. మన ఉప్పల్, నాచారం ప్రాంతమే చాలును.

ఒకప్పుడు హైదరాబాదులో అంతర్జాతీయ క్రికెట్ అంటే, పెద్దలు నేటికీ ఫతే మైదాన్ అని పిలిచే లాల్ బహదూర్ స్టేడియమే. ఉప్పల్ అంటే వరంగల్లు పోయే బస్సుల తోవ. నాచారం అంటే కార్ఖానాల పేట. 2005 నవంబరు 16న భారత, దక్షిణాఫ్రికా జట్లు ఉప్పల్ మైదానములో తొలి అంతర్జాతీయ పోటీ ఆడినవి. యువరాజ్ సింగ్ 103 పరుగులు చేసినప్పటికీ దక్షిణాఫ్రికా 5 వికెట్ల తేడాతో గెలిచినది. అనగా ఈ మైదానము తన ప్రేక్షకులకు నేర్పిన మొదటి పాఠమే ఓటమి. ఆ తరువాత 2017లో మెట్రో రైలు వచ్చి, ఇక్కడి ఒక నిలుపుదలకు "స్టేడియం" అనే పేరే స్థిరపడినది.

అభిమాని స్మృతిలో ఒక ఘట్టము నిలవడానికి మొదటి కారణము అనిశ్చయము. ఫలితము చివరి నిమిషము వరకు తేలకుండా ఉన్నప్పుడు మనసు ప్రతి క్షణమును పట్టుకొని కూర్చుంటుంది. 2009 నవంబరు 5 నాటి పోటీ దీనికి ఉత్తమ నిదర్శనము. ఆస్ట్రేలియా 350 పరుగులు చేసినది. సచిన్ తెందూల్కర్ ఆ రోజే ఒకరోజు పోటీలలో 17,000 పరుగులు దాటి, 141 బంతులలో 175 పరుగులు సాధించినాడు. అతడు వెనుదిరిగేసరికి ఇంక 19 పరుగులే కావలెను. అయినను భారత జట్టు 347 వద్ద ముగిసి, మూడు పరుగుల తేడాతో ఓడినది. ఆ రాత్రి ఇంటిదారి పట్టినవారిలో నేటికీ ఎవరినైనా అడిగి చూడండి. ఓడిన సంగతి తరువాత చెబుతారు, 175 సంగతి ముందు చెబుతారు.

ఈ నగరమునకు మూడు పరుగుల ఓటమి కొత్తది కాదు. 1987 అక్టోబరు 10న లాల్ బహదూర్ స్టేడియములో ప్రపంచ కప్పు పోటీ జరిగినది. న్యూజిలాండ్ చేసిన 242 పరుగులకు ప్రతిగా, అప్పటికి టెస్టు హోదా లేని జింబాబ్వే జట్టు 104 పరుగులకే 7 వికెట్లు పోగొట్టుకొన్నది. డేవ్ హౌటన్ ఒంటిచేతితో 142 పరుగులు చేసి గెలుపు వాకిలి దాకా తెచ్చినాడు. చివరికి ఆ జట్టు మూడు పరుగుల తేడాతోనే ఓడినది. అదే సంవత్సరము మార్చి 20న అదే మైదానములో భారత, పాకిస్తాన్ జట్లు రెండూ సరిగ్గా 212 పరుగులే చేసినవి. భారత జట్టు 6 వికెట్లు, పాకిస్తాన్ 7 వికెట్లు కోల్పోయినందున విజయము మనదైనది. ఒక్క వికెట్టు తేడాతో తేలిన ఆ ఫలితమును ఆనాటివారు మరచిపోలేదు.

రెండవ కారణము తలక్రిందులు కావడము. 2024 జనవరిలో ఇంగ్లండుతో జరిగిన టెస్టులో మనవారికి తొలి ఇన్నింగ్సులో 190 పరుగుల ఆధిక్యము లభించినది. అంతకు ముందు ఉప్పల్‌లో ఆడిన అయిదు టెస్టులలో నాలుగు గెలిచి, ఒకటి సమము చేసుకొన్న జట్టు మనది. కాబట్టి ఫలితము ముందే తెలిసినట్లు ప్రేక్షకులు నిశ్చింతగా ఉన్నారు. అంతలో ఓలీ పోప్ 196 పరుగులు చేసినాడు. తొలి ఇన్నింగ్సులో తన మొదటి బంతికే యశస్వి జైస్వాల్ చేత సిక్సరు కొట్టించుకొన్న కొత్త బౌలరు టామ్ హార్ట్‌లీ, రెండవ ఇన్నింగ్సులో 62 పరుగులకు 7 వికెట్లు తీసినాడు. 28 పరుగుల తేడాతో ఆట ముగిసినది. మొదటి బంతిని చూచి మనిషికి వెల కట్టరాదని పెద్దలు చెప్పినా నమ్మనివారు ఆ నాలుగవనాటి సాయంకాలము నమ్మినారు.

మూడవ కారణము ఆత్మీయత. మైదానములో ఆడుతున్నవాడు మన గల్లీలో పెరిగినవాడైతే చూపే మారుతుంది. మహమ్మద్ సిరాజ్ తండ్రి ఈ నగరములో ఆటో నడిపి సంసారమును ఈదినారు. 2020 నవంబరులో ఆయన మరణించినప్పుడు కుమారుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. తిరిగి రాక అక్కడనే నిలిచి ఆడినాడు. 2021 జనవరిలో సిడ్నీలో కొందరు ప్రేక్షకులు అతనిని దూషించగా, అతడు మాట తూలక అంపైరుతో ఫిర్యాదు చేసినాడు. ఆట కొంతసేపు ఆగినది. ఆ తరువాతి బ్రిస్బేన్ టెస్టులో ఒక ఇన్నింగ్సులో 5 వికెట్లు తీసి సమాధానము చెప్పినాడు. 2023 జనవరి 18న అతడు సొంత ఊరిలో న్యూజిలాండ్‌పై ఆడినాడు. శుభ్‌మన్ గిల్ 208 పరుగులు చేసిన రోజది. అయినను మైకేల్ బ్రేస్‌వెల్ 78 బంతులలో 140 పరుగులు చేసి మన గుండెలలో రాయి వేసినాడు. సిరాజ్ 46 పరుగులకు 4 వికెట్లు తీసినాడు. 12 పరుగుల తేడాతో గట్టెక్కినాము. ఆ పోటీని అతని కుటుంబము ఉప్పల్‌లోనే కూర్చొని చూచినది.

నాలుగవ కారణమును మేము అన్నింటికంటె గొప్పదిగా భావిస్తున్నాము. అది పరాయివాని ప్రతిభను గుర్తించే ఔదార్యము. 2023 ప్రపంచ కప్పులో హైదరాబాదుకు మూడు పోటీలు వచ్చినవి. ఒక్కదానిలోనూ భారత జట్టు లేదు. ఏడేండ్ల తరువాత ఈ దేశమునకు వచ్చిన పాకిస్తాన్ జట్టు అక్టోబరు 10న శ్రీలంకతో ఆడినది. శ్రీలంక 344 పరుగులు చేసినది. 37 పరుగులకే రెండు వికెట్లు పడిన తరువాత అబ్దుల్లా షఫీక్ 113, కండరములు పట్టివేసినా క్రీజు వీడని మహమ్మద్ రిజ్వాన్ 131 పరుగులు చేయగా పాకిస్తాన్ గెలిచినది. అంతవరకు ప్రపంచ కప్పు చరిత్రలో అంత పెద్ద లక్ష్యమును ఎవరూ ఛేదించలేదు. వీసాలు అందనందున ఆ దేశపు అభిమానులు రాలేదు. చప్పట్లు కొట్టినవారు ఈ నగరవాసులే. వారు కుశల్ మెండిస్ శతకమునకు కూడా చప్పట్లు కొట్టినారు. కొందరు దీనిని అనుమానపు కండ్లతో చూస్తారు. కాని మెహమాన్ నవాజీ ఈ గడ్డకు కొత్తగా వచ్చిన గుణము కాదు. స్వదేశాభిమానమునకు అతిథి గౌరవము శత్రువు కాదు. సిరాజ్ వికెట్టు తీసినప్పుడు లేచి నిలిచిన చేతులే రిజ్వాన్ శతకమునకు కూడా చప్పట్లు కొట్టగలవు. ఇందులో ఎవరును ఎవరికిని సంజాయిషీ చెప్పుకోవలసినది లేదు.

ఇక ఇంటిలో టెలివిజన్‌లో చూచినదానికంటె మైదానములో చూచినది ఎందుకు ఎక్కువగా నాటుకొంటుంది? అక్కడ వ్యాఖ్యాత లేడు. ఎటు చూడవలెనో మన కన్నే నిర్ణయించుకోవలెను. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. కాబట్టి వంద మీటర్ల దూరమున కూర్చున్నవానికి బ్యాటు కదలిక ముందు కనిపించి, దెబ్బ చప్పుడు దాదాపు సెకనులో మూడవవంతు ఆలస్యముగా వినిపిస్తుంది. ఆ రెప్పపాటులో వేలమంది ఊపిరి బిగబడుతుంది. టెలివిజన్ ప్రసారము ఉపగ్రహము మీదుగా కొన్ని సెకన్లు ఆలస్యముగా వస్తుంది. అందువలన మైదానము ప్రక్క ఇండ్లలోనివారు ముందు కేక విని, తరువాత వికెట్టు పడడము చూస్తారు. నాచారములో షిఫ్టు ముగించుకొని ఇంటికి పోయే కార్మికుడు దూరమున దీపస్తంభముల వెలుగు చూచి "ఎవరు గెలుస్తున్నారు?" అని దారినపోయేవానిని అడుగుతాడు. అతడు కూడా ప్రేక్షకుడే.

ప్రేక్షకత్వమునకు కష్టములు లేకపోలేదు. 2022 సెప్టెంబరు 22న ఆస్ట్రేలియా పోటీ టిక్కెట్ల కొరకు సికింద్రాబాదు జింఖానా మైదానములో తొక్కిసలాట జరిగి పలువురు గాయపడినారు. జ్ఞాపకము కొనుక్కోవడానికి వచ్చినవాడు గాయముతో తిరిగి పోరాదు. ఏర్పాట్లు చేసేవారికి ఈ బాధ్యత ఉన్నట్లే, కూర్చొని చూచేవారికి కూడా ఒక బాధ్యత ఉన్నది. సిడ్నీలో నోరు జారినవారు సైతము టిక్కెట్టు కొన్నవారే. వారి వలన ఆ రోజు ఆటకంటె వారి మాటలే జ్ఞాపకములో నిలిచినవి. అదే ప్రమాదము మన మైదానములో కూడా పొంచి ఉంటుంది.

విద్యార్థులారా, మీరు రేపు ఉప్పల్ గేటు దాటి లోపలికి పోయినప్పుడు చప్పట్లు, ఈలలు, కేకలు అన్నీ మీవే. ఆటగాండ్ల పరుగులు పుస్తకములలో ఉంటాయి. మీరు ఎట్లు ప్రవర్తించినారో ఆ వచ్చిన అతిథి తన దేశమునకు పోయి చెప్పుకొంటాడు. ఓడిన రోజున కూడా ఎదుటివానికి లేచి నిలిచి చప్పట్లు కొట్టగలిగిన ప్రేక్షకుడు ఈ ఊరికి మంచి పేరు తెస్తాడు.