పొర కింద మనిషి

మేడిపల్లిలో మా మేనత్త ఇంట్లో అడుగు పెట్టగానే ఎదురుగా గోడ మీద ఒక పెళ్ళి ఫొటో కనిపిస్తుంది. నడుమ వధూవరులు, పక్కన అత్తయ్య, ఆమెకు ఆనుకుని నిలబడిన పెద్దకొడుకు. చూసినవాళ్ళంతా “ఎంత నిండుగా వుంది!” అంటారు. నేనూ అన్నాను. కాని ఆ కొడుకు తన చెల్లెలి పెళ్ళికి రానేలేదు!

ఆశ్చర్యపోకండి. ఇందులో మంత్రమేమీ లేదు. పెళ్ళినాటికి అతడు మస్కట్‌లో వున్నాడు, సెలవు దొరకలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో బతుకుతెరువుకు గల్ఫు దేశాలకు వెళ్ళినవారు లేని ఊరు అరుదు. అందుచేత పెళ్ళి ఫొటోలలో ఇలాంటి ఖాళీలూ ఎక్కువే. అత్తయ్య స్టూడియోకు వెళ్ళి, “నా కొడుకును నా పక్కన నిలబెట్టు బిడ్డా” అని అడిగింది. కుర్రవాడు మస్కట్ నుంచి ఫోనులో వచ్చిన ఫొటో తీసుకుని రెండు రోజుల్లో నిలబెట్టి ఇచ్చాడు. అత్తయ్య సంతోషానికి మేర లేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. అత్తయ్య మరిది ఒకరోజు పొలం నుంచి వచ్చి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. కర్మనాడు పటం పెడదామంటే ఫొటో లేదు. కెమెరా కనబడితే ముఖం తిప్పుకునే మనిషి ఆయన. పెళ్ళి ఆల్బమంతా వెదికితే ఒకచోట వెనక వరుసలో సగం చెంప మాత్రం దొరికింది. అప్పుడెవరో జ్ఞాపకం చేశారు: ఆ గోడ మీది ఫొటో తీసినప్పుడు ఆయన వదినగారి పక్కనే నిలబడ్డాడు. ఇప్పుడు అక్కడ కొడుకున్నాడు!

అత్తయ్య చతికిలబడిపోయింది. “కొడుకును తెచ్చుకుందామని మరిదిని తుడుచుకున్ననా?” అని ఏడ్చింది.

ఆమెను వెంటబెట్టుకుని నేనే స్టూడియోకు వెళ్ళాను. కెమెరాలోని కార్డు ఎప్పుడో చెరిపి వేరే పెళ్ళిళ్ళకు వాడేశారట. నా గుండె జారింది. కుర్రవాడు మాత్రం కంప్యూటరులో పాత ఫైలు తెరుస్తూ, “ఫికరు పడకు పెద్దమ్మా, ఆయన ఏడికీ పోలే. కిందనే వున్నడు” అన్నాడు. తెర మీద ఒక పక్కగా కన్ను లాంటి చిన్న గుర్తు వుంది. దాని మీద నొక్కాడు. కొడుకు మాయమయ్యాడు. ఆ చోట భుజాన తువ్వాలుతో, ఫొటో తీస్తున్నందుకు కాస్త విసుగ్గా, చిన్నమామయ్య నిలబడి వున్నాడు!

ఏమిటీ చమత్కారం? దీని పేరు లేయరు. మన మాటలో పొర. బొమ్మ మీద అద్దంలాంటి పలచని కాగితం పరచి, దాని మీద ఇంకో బొమ్మ వేశారనుకోండి. పైనుంచి చూస్తే రెండూ కలిసి ఒకటే బొమ్మ. పై కాగితం ఎత్తేస్తే కిందిది చెక్కుచెదరదు. బతుకమ్మను పేర్చేటప్పుడు కింది వరుస కదిలితే పైదంతా కూలుతుంది గదా! ఇక్కడ అలా కాదు. ఏ పొర తీసినా, జరిపినా మిగిలినవి తమ చోటనే వుంటాయి.

కంప్యూటరుకు ఫొటో అంటే లక్షలాది చుక్కలు. సాధారణంగా ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళు చెప్పే మూడు అంకెలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. పొరలోని చుక్కకు నాలుగో అంకె కూడా వుంటుంది. అది ఆ చుక్క ఎంత చిక్కగా కప్పాలో చెబుతుంది. కింద 200, పైన 100 వుండి, పై పొర సగం చిక్కనైతే కంటికి కనిపించేది 150. లెక్క అంతే!

కొడుకు ఫొటోలో వెనకనున్న మస్కట్ గోడను కుర్రవాడు చెరపలేదు, మాస్కు వేశాడు. మాస్కులో నలుపు పూసినచోట పొర కనిపించదు, తెలుపు పూసినచోట కనిపిస్తుంది. చెయ్యి జారితే మళ్ళీ తెలుపు పూస్తే సరి. కాళ్ళ దగ్గర నీడకు వేరే పొర, రంగు సరిచెయ్యడానికి ఇంకొకటి. పందిట్లో వెలుతురు ఎడమనుంచి, మస్కట్‌లో కుడినుంచి పడింది కనుక కొడుకు బొమ్మను అద్దంలోలాగా తిప్పేశాడు. అందుకే గోడ మీది ఫొటోలో అతని చొక్కా జేబు కుడివైపున వుంటుంది! ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఒక్కరూ దాన్ని గమనించలేదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. కదిలే బొమ్మల సినిమాకు పారదర్శకమైన పలకలు వాడే పద్ధతికి ఎర్ల్ హర్డ్ అనే అమెరికన్ 1914లో పేటెంటు కోరాడు. వెనకనున్న కొండ ఒకసారి గీస్తే చాలు, పైన పాత్ర మాత్రం కదులుతుంది. ఇక ఫొటోషాపు సంగతి. మిచిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్ 1987లో దానికి శ్రీకారం చుట్టాడు. సినిమా మాయలు చేసే సంస్థలో పనిచేస్తున్న తమ్ముడు జాన్ తోడయ్యాడు. అడోబీ కంపెనీ 1990లో దానిని విడుదల చేసింది. అప్పటికింకా పొరలు లేవు. ఒక బొమ్మ మీద ఇంకొకటి అతికించి వదిలితే కిందిది పోయినట్టే. 1994లో మూడవ కూర్పులో గాని పొరలు రాలేదు. చిన్నమామయ్య ఫొటో దక్కిందంటే ఆ ఏర్పాటు చలవే.

అయితే ఒక మెలిక వుంది. పని పూర్తయ్యాక పొరలన్నీ ఒకటిగా అణచివేసి దాచే అలవాటు చాలామందికి వుంది. మన ఫోనులకు పంపే జేపెగ్ ఫొటో అలా అణగినదే. అందులో చోటు కలిసివస్తుంది; కాని కన్నుగుర్తు నొక్కడానికి పొరలే మిగలవు. మా కుర్రవాడు పొరలున్న ఫైలును వేరే దాచాడు గనుక సరిపోయింది. ఎందుకు దాచావని అడిగితే, “రేపు ఆ అన్న వచ్చి, నా చొక్కా రంగు మార్చుమంటే మళ్ళ మొదటికెల్లి ఎవలు చేస్తరు సార్?” అన్నాడు. బద్ధకం కూడా ఒక్కోసారి పుణ్యం కట్టుకుంటుంది.

కాబట్టి మీ ఇంట్లో ఇలాంటి ఫొటో చేయించుకుంటే మూడు పనులు చెయ్యండి. కెమెరా తీసిన అసలు ఫొటో అడిగి పుచ్చుకోండి. పొరలున్న ఫైలు ఒక కాపీ మీ దగ్గరా వుంచుకోండి. మూడవది, కలిపిన ఫొటో వెనక పెన్సిలుతో ఒక ముక్క రాయండి: ఎవరిని కలిపారో, వారి కింద ఎవరున్నారో. కన్నతల్లి ఆశకు అడ్డుచెప్పలేం. కాని యాభై ఏళ్ళ తరువాత చూసే మనుమలకు, ఆ రోజు ఎవరు వచ్చారో తెలియవద్దూ?

ఇప్పుడు అత్తయ్య గోడ మీద రెండు ఫొటోలున్నాయి. ఒకదానిలో కొడుకు, రెండవదానిలో మరిది, మిగిలినవాళ్ళంతా వాళ్ళే. మొన్న కొడుకు సెలవు మీద వచ్చి రెంటినీ చాలాసేపు చూశాడు. “కాకా నా జాగల నిలబడ్డడు” అన్నాడు.

“కాదు బిడ్డా, నువ్వే ఆయన జాగల నిలబడ్డవు” అంది అత్తయ్య.