కోతకొచ్చిన యాభై మంది

చిలకలూరిపేట నుంచి తూర్పుగా బయల్దేరితే పెదనందిపాడు ఎంతో దూరం కాదు. 1922 మొదట్లో ఆ ఫిర్కా రైతులు శిస్తు కట్టడం మానేశారు. కరణాలు, మునసబులు రాజీనామాలు రాసిచ్చారు. పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేన పేరుతో వాలంటీర్లను కూడగట్టి ఊరూరా నడిపించారు. సర్కారు రూథర్‌ఫర్డ్ అనే అధికారిని ప్రత్యేకంగా దించింది. బాకీ కింద గొడ్డూగోదా తోలుకొచ్చి వేలం వేస్తే పాట పాడేవాళ్లు దొరకడం గగనమైంది. వచ్చిన ఉద్యోగులకు ఊళ్లో తిండి, బస పుట్టలేదు. ఆ ఫిబ్రవరిలోనే గాంధీ వెనక్కి తగ్గమనడంతో పోరాటం ఆగిపోయింది. అదే నెలలో అటు పల్నాడు అడవి అంచున, పుల్లరి కట్టనని తిరగబడ్డ కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు పడిపోయాడు.

సరిగ్గా ఇలాంటి పనే నలభై ఏళ్ల ముందు ఐర్లండ్ పడమటి కొసన, మాయో జిల్లాలో జరిగింది. 1880లో అక్కడ పంటలు దెబ్బతిన్నాయి. కౌలు నాలుగోవంతు తగ్గించమని లార్డ్ ఎర్న్ కౌలుదార్లు అడిగారు. భూస్వామి పదో వంతు దగ్గర బిగుసుకున్నాడు. ఆయన ఏజెంటు ఒకడున్నాడు, కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. ఊరు అతని మీద చెయ్యి ఎత్తలేదు. పనిమనుషులు మానేశారు, కొట్టువాడు సరుకు ఇవ్వనన్నాడు, ఉత్తరాలు తెచ్చే కుర్రాడు కూడా రావడం మానేశాడు. పంట పొలంలోనే ఉండిపోయింది.

ఇక్కడే రెండు కథలూ విడిపోతాయి. పెదనందిపాడులో సర్కారుకు చెయ్యి కలిపేవాళ్లు పెద్దగా దొరకలేదు. బాయ్‌కాట్‌కు దొరికారు. ఉత్తరాన కావన్, మొనాహన్ జిల్లాల నుంచి యాభై మంది ఆరెంజ్ సంఘం మనుషులు కోతకు వచ్చారు. అందరూ ప్రొటెస్టెంట్లు. వాళ్ల కాపలాకు సుమారు వెయ్యి మంది సైనికులు, పోలీసులు. ఐదొందల పౌన్ల పంట ఇంటికి చేర్చడానికి పదివేల పౌన్లు ఖర్చయిందని అప్పట్లో లెక్క కట్టారు. కౌలు తగాదా పొద్దుపొడిచి పొద్దుగూకేలోగా మతం రంగు పూసుకుంది.

ఐర్లండ్ గొడవ అనగానే కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ పడదని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ప్రార్థన ఎలా చెయ్యాలన్న వాదం మీద ఆ దేశం రెండుగా చీలలేదు. 1609 నుంచి అల్‌స్టర్ ప్రాంతంలో ఐరిష్ కాథలిక్కుల భూములు లాక్కుని ఇంగ్లండ్, స్కాట్లండ్‌ల నుంచి తెచ్చిన ప్రొటెస్టెంట్లకు పంచారు. 1690లో బాయిన్ నది దగ్గర కాథలిక్ రాజు రెండో జేమ్స్‌ను ప్రొటెస్టెంటు రాజు విలియం ఓడించాక గెలిచినవాళ్లు చట్టాలు రాసుకున్నారు. కాథలిక్కు ఐదు పౌన్లకు మించిన గుర్రం ఉంచుకోకూడదు. భూమి కొనకూడదు. 1704 చట్టమైతే మరీ గడుసుది: కాథలిక్ తండ్రి పోతే ఆస్తి కొడుకులందరికీ సమానంగా ముక్కలు కావాలి, పెద్దకొడుకు ప్రొటెస్టెంటుగా మారితే మాత్రం మొత్తం అతనికే. అన్నదమ్ముల పంపకాల్లో ఎకరం అరెకరంగా, అరెకరం పాతిక సెంట్లుగా కరిగిపోవడం చూసిన మన వైపు రైతుకు ఇందులో దెబ్బ ఎక్కడుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండు మూడు తరాల్లో కాథలిక్కుల చేతిలో నేల ఆనవాలుగా మాత్రమే మిగిలింది.

మతమే అసలు కారణమైతే ఇంకో చిక్కు వస్తుంది. 1791లో ఐరిష్ ఐక్య సంఘం పెట్టిన వోల్ఫ్ టోన్ ప్రొటెస్టెంటు. కౌలు పోరాటానికి పెద్ద దిక్కైన పార్నెల్ ప్రొటెస్టెంటే, పైగా భూస్వామి. తీరా స్వతంత్రం చేతికొచ్చాక 1922-23లో ఒకరినొకరు చంపుకున్నవాళ్లలో ఎక్కువమంది కాథలిక్కులే. బ్రిటన్‌తో ఒప్పందానికి ఒప్పుకోవాలా, రాజుకు విధేయత ప్రకటించాలా అన్న దాని మీద.

కౌలు పోరాటానికీ ఈ చంపుకోవడానికీ నడుమ ఒక తెలుగు కుర్రాడు డబ్లిన్‌లో దిగాడు. బరంపురం వకీలు జోగయ్య పంతులు కొడుకు వరాహగిరి వెంకటగిరి. 1913లో లా చదవడానికి వెళ్లాడు. అప్పుడు ఆ ఊరు లాకౌట్‌తో అట్టుడుకుతోంది. యూనియన్‌లో చేరినందుకు వేలాది కూలీలను గేటు బయట నిలబెట్టిన యజమానుల నాయకుడు విలియం మార్టిన్ మర్ఫీ కాథలిక్కు, ఆకలితో నిలబడ్డవాళ్లూ కాథలిక్కులే. యూనివర్సిటీ కాలేజీలో గిరికి ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన మాస్టారు థామస్ మెక్‌డొనా, కవి. 1916 ఈస్టర్ తిరుగుబాటు ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో ఒకడు. మే 3న ఆయన్ను కాల్చి చంపారు. గాయాలతో నిలబడలేని కార్మిక నాయకుడు కానలీని మే 12న కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. తిరుగుబాటు నాయకులతో సంబంధాలున్నాయని భారతీయ విద్యార్థుల మీద నిఘా, సోదాలు పెరిగాయి. జూన్ 1న గిరికి నోటీసు అందింది: నెలలోగా దేశం వదలాలి. ఆ నెల 21న బారిస్టరు పట్టా పుచ్చుకుని ఓడెక్కాడు. ఇక్కడికొచ్చి రైల్వే కూలీల సంఘాలు కట్టాడు. ఆయన తెచ్చుకున్నది మతం గోల కాదు, గేటు బయట నిలబడ్డవాళ్ల గోల.

మతం పేరు తగిలించుకున్న ఇలాంటి చీలిక పల్నాటి వాళ్లకు బొత్తిగా కొత్తేమీ కాదు. నాయకురాలు నాగమ్మ శైవురాలు, బ్రహ్మనాయుడు వైష్ణవుడు కాబట్టి పల్నాటి యుద్ధం శైవ వైష్ణవాల పోరని చెప్పుకుంటూ వచ్చాం. కథ విప్పి చూస్తే గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, ఒకే తండ్రి బిడ్డలు. రాజ్యం పంపకం, కోడిపందెం, వనవాసం, రాయబారానికి వెళ్లిన అలరాజు చావు. మతం లేదని కాదు. బ్రహ్మనాయుడి చాపకూడు కులాల కట్టునే కదిపింది, దాని వెనక వైష్ణవం ఉంది. అయినా కారంపూడి రణభూమికి వాళ్లను లాక్కెళ్లింది రాజ్యభాగం.

కార్తీకమాసం చివర కారంపూడిలో ఇప్పటికీ వీరుల తిరునాళ్లు సాగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఐదు రోజులూ ఆ యుద్ధాన్నే మళ్లీ నడిపిస్తారు. ఏటా జూలై 12న బెల్‌ఫాస్ట్‌లో ఆరెంజ్ సంఘం డప్పులతో బాయిన్ గెలుపు ఊరేగింపు తీస్తుంది. పైకి రెండూ ఒకటే. కానీ నువ్వు శైవుడివా వైష్ణవుడివా అని అడిగి మాచర్లలో ఎవరూ ఇల్లు అద్దెకివ్వడం మానలేదు. (ఫ్యాక్షన్లు లేవా అంటారేమో. ఉన్నాయి, పార్టీ జెండాల కింద.) ఇక్కడ ఆ పాత పేర్లను బట్టి ఆ తర్వాత ఎవరూ భూములు, కొలువులు పంచలేదు. అక్కడ పంచారు.

1912 సెప్టెంబరు 28న ఐరిష్ స్వపరిపాలన వద్దంటూ అల్‌స్టర్‌లో నాలుగు లక్షల డెబ్బై వేల మందికి పైగా సంతకాలు పెట్టారు. 1920 చట్టం గీత గీసింది. అల్‌స్టర్‌లో తొమ్మిది జిల్లాలుంటే ఆరింటినే ఉత్తర ఐర్లండ్‌గా విడదీశారు. మొత్తం తీసుకుంటే ప్రొటెస్టెంట్ల మెజారిటీ పలచబడుతుందని లెక్క. వదిలేసిన మూడింటిలో కావన్, మొనాహన్ కూడా ఉన్నాయి. బాయ్‌కాట్ పంట కోసిపెట్టిన వాళ్ల సొంత జిల్లాలు! రాజభక్తికి దక్కిన కూలి అదీ.

గీతకు అటువైపు ఉన్న కాథలిక్కులకు ఏమైందో డెర్రీ చెబుతుంది. ఊళ్లో ఎక్కువమంది వాళ్లే, కౌన్సిల్ మాత్రం అప్పట్లో అవతలివాళ్లది, వార్డుల హద్దులు అలా గీశారు. కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు ఇంటి పన్నుతో ముడిపడి ఉండటంతో కౌన్సిల్ ఇల్లు దొరకనివాడికి ఓటూ దొరికేది కాదు. 1968లో కాలెడన్ అనే పల్లెలో పిల్లలున్న కాథలిక్ కుటుంబాలను కాదని పెళ్లికాని పందొమ్మిదేళ్ల ప్రొటెస్టెంటు అమ్మాయికి ఇల్లు కేటాయించారు. పౌరహక్కుల ఊరేగింపులు అక్కడి నుంచి ఊపందుకున్నాయి. ఆ మంటకు మొదటి పుల్ల ఏ చర్చిలోనూ గీయలేదు, ఇళ్ల కేటాయింపు జాబితాలో గీశారు.

డబ్లిన్ నుంచి వెళ్లగొట్టిన ఆ తెలుగు విద్యార్థి భారత రాష్ట్రపతిగా ప్రమాణం చేసింది 1969 ఆగస్టు 24న. దానికి పది రోజుల ముందే డెర్రీ వీధుల్లో బ్రిటిష్ సైన్యం దిగింది. 1972 జనవరి 30న అదే ఊళ్లో ఊరేగింపు మీద కాల్పుల్లో పదమూడు మంది అక్కడికక్కడే పోయారు. ముప్పై ఏళ్లలో సుమారు మూడున్నర వేల ప్రాణాలు. 1998 ఏప్రిల్ 10న కుదిరిన ఒప్పందం ఎవరి మతం గొప్పదన్న జోలికి పోలేదు. ఉత్తర ఐర్లండ్‌లో పుట్టినవాళ్లు బ్రిటిష్ పౌరులమనుకోవచ్చు, ఐరిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. సరిహద్దు మారాలంటే మెజారిటీ ఓటు కావాలి. ప్రథమ మంత్రి, ఉప ప్రథమ మంత్రి ఇద్దరికీ సమాన అధికారం, ఒకరు దిగితే రెండోవారూ దిగాల్సిందే. ఈ ముడి వల్ల సర్కారు తరచూ కూలుతూనే ఉంది. 2022 నుంచి రెండేళ్లు ఖాళీగా ఉన్న ప్రథమ మంత్రి కుర్చీలో 2024 ఫిబ్రవరిలో మిషెల్ ఓనీల్ కూర్చుంది. ఐక్య ఐర్లండ్ కావాలనే పక్షం నుంచి ఆ పదవికి వచ్చిన మొదటి మనిషి ఆమె. ఆమె పక్కన సమాన హోదాలో ఉన్నది బ్రిటన్‌తోనే ఉండాలనే పక్షం మనిషి ఎమ్మా లిటిల్-పెంగెల్లీ.