లారీకి తగిన ఇంజను నూనె

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అని మన పెద్దలు అనుచుండెడివారు. ఎద్దుల బండ్లు విస్తారముగా నడచిన దినములలో గడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపి ఇరుసునకు పూయుట ప్రతి రైతునకును తెలిసిన విద్య. ఆ ఆముదమే పిమ్మట ఇంజనులలోనికి కూడ ప్రవేశించినది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానములలో పెక్కింటికి ఆముదమే కందెన. 1909లో వెలసిన క్యాస్ట్రాల్ అను పేరు ఆంగ్లమున ఆముదమునకు గల పేరునుండి పుట్టినదే. అయితే బండికిని లారీకిని ఒక భేదము కలదు. కందెన తక్కువైనచో బండి ఇరుసు మొరపెట్టి చెప్పెడిది. లారీ ఇంజను అట్లు చెప్పదు. అది చెప్పు నాటికి లోపల జరుగవలసిన నష్టము జరిగిపోయి యుండును.

మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులలో లారీ తోలువారును, ఒకటి రెండు లారీలను వాయిదాల మీద కొని నడుపుకొనువారును కలరు. 1980లో హొసూరునందు అశోక్ లేలాండ్ కర్మాగారము వెలసినది మొదలు ఈ సీమలో లారీ తయారీ యెంతో, లారీ జీవనము కూడ అంత. రాయకోట టమాటాలు, కృష్ణగిరి మామిడి, కొండల నల్లరాయి, అన్నియు లారీ మీదనే కదలవలెను. ఇట్టి కుటుంబములలో ఇంజను ఒక్కసారి మొరాయించినచో నిలిచిపోవునది లారీ మాత్రమే కాదు. ఆ నెల వాయిదా నిలుచును, పిల్లల పుస్తకముల ఖర్చు వెనుకబడును. కావుననే ఈ విషయమును పాఠశాల సంచికలో వ్రాయుట అసందర్భము కాదని తలంచితిని.

నూనె చేయు పని జిడ్డు కలిగించుట మాత్రమే యని తలంచుట పొరపాటు. కదలెడు లోహముల నడుమ పలుచని పొరగా నిలిచి అవి ఒరసికొనకుండ కాపాడుట దాని మొదటి పని. పిస్టనుల వేడిని దింపుట, డీజిలు మండగా పుట్టిన మసిని గడ్డ కట్టనీయక తనలో ధరించుట, ఆమ్లములను విరుచుట, తుప్పు పట్టకుండ చూచుట కూడ దాని పనులే. ఇందుకొరకు శుద్ధిచేసిన మూలతైలములో పలువిధములైన రసాయనములను కలుపుదురు. చూపునకు రెండు నూనెలు ఒక్కటే యనిపించినను వాని భేదమంతయు ఈ రసాయనములలోనే యుండును. వ్రేళ్ళ మధ్య రాచి చూచి నూనెను మెచ్చుకొను పరీక్ష ఇందుచేతనే పనికిరాదు.

డబ్బాపై ముందుగా కనిపించునది 15డబ్ల్యు-40 వంటి గుర్తు. ఇది ఎస్.ఏ.ఇ. అను అమెరికా ఇంజనీర్ల సంఘము ఏర్పరచిన చిక్కదనపు శ్రేణి. నాణ్యతను తెలుపునది కాదు. చివరి అంకెయగు 40, నూనె 100 డిగ్రీల సెల్సియస్ వరకు కాగినప్పుడు ఎంత చిక్కగా నిలుచునో చెప్పును. 'డబ్ల్యు' అను అక్షరము శీతకాలమునకు గుర్తు. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైనచో చలిలో నూనె అంత సులభముగా పారును. 15 అని వ్రాసిన నూనెను సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో పెట్టి ఇంజను తిరుగుటకు అది అడ్డు తగులునా అని పరీక్షింతురు. హొసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. మార్గశిర, పుష్య మాసముల వేకువలో మనకు చలియే గాని నీరు గడ్డకట్టు చలి ఎన్నడును లేదు. మన ఊరి మీదుగా పోవు 44వ జాతీయ రహదారి శ్రీనగరు నుండి కన్యాకుమారికి పోవునది. ఆ దారిని మన లారీ ఉత్తరాగ్రము వరకు పోయినను 15డబ్ల్యు నూనె సామాన్యముగా సరిపోవును. ఇక వేడి సంగతి. కృష్ణగిరి దిగిన పిదప ఎండ హెచ్చును; సేలము నుండి వచ్చునప్పుడు నిండు బరువుతో తొప్పూరు కనుమ ఎక్కు ఇంజనులో నూనె సలసల కాగును. ఆ స్థితిలో పొర తెగకుండ నిలుచుటకే 40వ శ్రేణిని మన దేశపు లారీలకు ఎక్కువగా చెప్పుచుందురు.

1824లో స్థాపితమైన పశుక్షేత్రము గల ఊరివారము గనుక చిక్కదనమును చూచి పాలను మెచ్చుకొనుట మనకు అలవాటు. ఆ అలవాటును నూనెకు కూడ పట్టించి "చిక్కని నూనెయే బలమైన నూనె" అనువారు మనలో పెక్కుమంది. ఇది సరికాదు. రాత్రియంతయు నిలిచిన లారీని వేకువను కదలించునప్పుడు నూనె క్రిందనున్న తొట్టినుండి పైభాగములకు ఎంత శీఘ్రముగా చేరునో అంత మేలు. ఇంజను అరుగుదలలో పెద్ద భాగము ఆ కొద్ది క్షణములలోనే జరుగును. అవసరమునకు మించి చిక్కనైన నూనె ఆలసించి చేరును. దానిని త్రిప్పుటకు డీజిలు కూడ అధికముగా కాలును. అరిగిపోయిన ఇంజను నీలిపొగ వదలుచుండగా 50వ శ్రేణి నూనె పోసి పొగను తగ్గించు మెకానిక్కులు కలరు. అది రోగమును కప్పుటయే గాని మాన్పుట కాదు. ఆ లారీని అమ్మదలచినవానికి అది ఉపాయము కావచ్చును, కొనువాడు జాగ్రత్తపడవలెను.

అంకెకన్న ముఖ్యమైనది అక్షరము. డబ్బామీద ఏ.పి.ఐ. అను అమెరికా పెట్రోలియం సంస్థ గుర్తు ప్రక్కన సి.హెచ్-4, సి.ఐ-4, సి.జె-4, సి.కె-4 అను వానిలో నొకటి యుండును. 'ఎస్' తో మొదలగునవి పెట్రోలు బండ్లవి. 'సి' తో మొదలగునవి డీజిలువి. రెండవ అక్షరము వర్ణక్రమములో ఎంత ముందుకు పోయిన నూనె అంత కొత్తది: సి.హెచ్-4 1998లోను, సి.ఐ-4 2002లోను, సి.జె-4 2006లోను, సి.కె-4 2016లోను వచ్చినవి. పాతది చెప్పిన చోట సామాన్యముగా కొత్తది పోయవచ్చును. కొత్తది చెప్పిన చోట పాతది పోయరాదు. 2016లోనే వచ్చిన ఎఫ్.ఏ-4 అను పలుచని నూనె మాత్రము ఈ నియమమునకు లోబడదు. నిర్మాత పేరెత్తి చెప్పనిదే దానిని ముట్టవద్దు.

కొత్తది చెప్పిన చోట పాతది పోసిన ఏమగునో నాకు తెలిసిన ఒక లారీ యజమాని కథ చెప్పును. ఆయనకు పాత లారీ ఒకటి యుండెను. అప్పుచేసి భారత్ స్టేజ్-6 లారీ నొకటి కొనెను. పాతదానికై పీపాయిగా కొన్న సి.ఐ-4 నూనె ఇంటనే యుండుటచే కొత్తదానికిని అదే పోయుచు వచ్చెను. బండి చక్కగా నడచెను. ధ్వని మారలేదు, బలము తగ్గలేదు. కొంతకాలమునకు ఎదుట పలకమీద ఒక దీపము వెలిగెను, ఆరెను, మరల వెలిగెను. తుదకు ఆరుట మానెను. పొగగొట్టము దారిలోని మసి వడపోతపెట్టె మూసికొనిపోయినదని తేలెను. దానిని విప్పి శుభ్రపరచు వరకు లారీ కదలలేదు. ఆ రోజుల కిరాయి పోయినది, మరమ్మతు ఖర్చు పైబడినది, వాయిదా మాత్రము తన తేదీన తాను వచ్చినది.

ఇందులోని కారణమును మన ఇంటి పొయ్యి చెప్పగలదు. పొయ్యిలో బొగ్గు మిగిలినచో మరల మండించవచ్చును. బూడిదను ఎంత ఊదినను మండించలేము. 2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి దేశమంతట అమలైన భారత్ స్టేజ్-6 నియమమునకు లోబడిన లారీలలో పెక్కింటికి మసిని పట్టి యుంచు వడపోతపెట్టె కలదు. పట్టిన మసిని అది అప్పుడప్పుడు వేడితో తానే కాల్చుకొనును. కాని నూనెలోని రసాయనములందు కాల్షియము, మెగ్నీషియము, జింకు వంటి లోహములుండును. ఇంజనులో కొద్దికొద్దిగా కాలిపోవు నూనెనుండి ఇవి బూడిదయై వడపోతలో చేరును, కాలవు, కదలవు. అందుచేతనే సి.జె-4, సి.కె-4 నూనెలలో బూడిద నూటికి ఒక పాలు మించరాదని కట్టడి చేసిరి. అంతకు ముందరి నూనెలకు ఈ కట్టడి లేదు. నా మిత్రుడు పోసినది చెడ్డ నూనె కాదు, తన బండిది కాని నూనె.

మరి పూర్వము అంత బూడిదగల రసాయనములను ఎందుకు కలిపిరి అని అడుగవచ్చును. డీజిలులోని గంధకము కాలినప్పుడు ఆమ్లము పుట్టును. దానిని విరుచుటకు ఆ క్షారములు కావలసి వచ్చినవి. భారత్ స్టేజ్-3 నాటి డీజిలులో పది లక్షల పాళ్ళకు 350 వరకు గంధకముండవచ్చును, స్టేజ్-4లో 50, నేడు 10 మాత్రమే. ఇంధనము శుద్ధిపడినకొలది నూనెకు ఆ భారము తగ్గినది. పాత లారీకి సి.ఐ-4 నేటికిని తగినదే. దానికి సి.కె-4 పోసిన దోషము లేదు గాని, ఎక్కువ వెల పెట్టవలసిన అగత్యమును లేదు. కొత్త లారీ విషయములో మాత్రము బండితో ఇచ్చిన పుస్తకములో వ్రాసినదే పోయవలెను. హామీ గడువులో నున్నప్పుడు నూనె కొన్న రసీదులను కూడ దాచుకొనవలెను.

ఎప్పుడు మార్చవలెనను ప్రశ్నకు అందరికిని ఒకే జవాబు లేదు. కొన్ని కొత్త ఇంజనులకు నలుబది వేల కిలోమీటర్లకు పైగా గడువిచ్చుచున్నారు. పాతవానికి అది చెల్లదు. రాతి గనులలో తిరుగు టిప్పరు దినమంతయు ఇంజను ఆపక దుమ్ములో నిలుచును, కిలోమీటర్లు మాత్రము కొద్దిగానే చూపును. దానికి గంటల లెక్కయే న్యాయమైన లెక్క. సంతకు కూరగాయలు చేర్చి వెంటనే తిరిగివచ్చు చిన్న బండిలో నూనె సరిగా కాగకముందే ఇంజను ఆగిపోవును. చెమ్మయు డీజిలును అందులోనే నిలిచిపోవును. ఈ రెండింటికిని పుస్తకములో కఠినమైన వాడుకకు చెప్పిన తక్కువ గడువునే పాటింపవలెను. మార్చునప్పుడెల్ల ఫిల్టరు కూడ మార్చవలెను.

నూనె నల్లబడినదని బెంగపడువారు కలరు. మసిని తనలో ధరించుటే దాని పని గనుక నల్లబడుట దోషము కాదు. పాలవలె తెల్లబారినచో నీరు చేరినదని, కొలతకడ్డీ మీద మట్టము పెరిగినచో డీజిలో నీరో దిగుచున్నదని భయపడవలెను. మట్టము చూచుటకు లారీని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి కొన్ని నిమిషములు తాళవలెను. పై గీతకు మించి పోయుటయు కీడే. తిరుగు భాగములు నూనెను చిలికి నురుగు చేయును.

బజారులో నకిలీ డబ్బాలు కూడ ఉన్నవి. మూతి ముద్ర చెదరినదియు, రసీదు ఇవ్వని చోటిదియు, వెల వింతగా తక్కువైనదియు కొనరాదు. ఖాళీ డబ్బాను నలుగగొట్టి పారవేసినచో దానిని మరల నింపి అమ్ముటకు వీలుండదు. డబ్బామీది వ్రాత తరచుగా ఆంగ్లములో నుండును. ఆ అక్షరములు చదువుటకు మన పిల్లలు చాలుదురు. వారిని అంగడికి వెంటబెట్టుకొని పొండు.

తీసివేసిన నూనె సంగతి మిగిలినది. చెదలు పట్టకుండ గుంజలకు పూయుటయు, కాలువలో పారబోయుటయు మన పల్లెలలో నున్న వాడుకలే. వాడిన నూనెలో అరిగిన లోహములును, పుట్టకురుపును కలిగింపగల మసి పదార్థములును ఉండును. చర్మమునకు తగిలినచో సబ్బుతో కడుగుకొనవలెను. పిల్లలకు అందనీయరాదు. కాలువలో పోసినది రామనాయకన్ చెరువు వంటి చెరువులకే చేరును. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమముల ప్రకారము దీనిని అనుమతి పొందిన శుద్ధి కేంద్రములకే చేర్చవలెను. పెద్ద వర్క్‌షాపులు వారికొరకు దీనిని కూడబెట్టుచుండును. ఇంటివద్ద నూనె మార్చుకొనువారు మూతగల డబ్బాలో పట్టి అక్కడ ఇచ్చిన చాలును. అందులో నీరు గాని కిరసనాయిలు గాని కలుపరాదు. కలిసినచో వారు పుచ్చుకొనరు.