పథ్యమునకు పారణ

శరీరమున విషములు పేరుకొన్నవనియు, కొన్ని దినములు అన్నము మాని పండ్లరసములు, కషాయములు త్రాగినచో అవి తొలగిపోవుననియు నేడు పలువురు నమ్ముచున్నారు. దీనికి ‘డిటాక్స్’ అని పేరు. దీనితో కలిసి వినవచ్చునది ‘విసర్జనాహారము’. అనగా ఒంటికి సరిపడని పదార్థమేదో కనుగొనుటకై కొన్నింటిని కొంతకాలము మానుట. ఈ రెండును ఒక్కటిగా తోచును గాని, మొదటిది నమ్మకము, రెండవది పరీక్ష. ఈ భేదమును గుర్తించినచో మేలు కలుగును. గుర్తింపనిచో ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు.

మన దేశమునకు ఇట్టి ప్రయత్నములు క్రొత్తవి కావు. గాంధీమహాత్ముడు 1946లో పూనా సమీపమున ఉరుళీకాంచనమందు ప్రకృతి చికిత్సాశ్రమమును నెలకొల్పినారు. తరువాతి కాలమున తెలుగునాట డాక్టరు మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు, నూనె లేని వంటను ప్రచారము చేసినారు. 2017, 2018 సంవత్సరములలో వీరమాచనేని రామకృష్ణగారి విధానము ఇంటింట వినబడినది. అందు అన్నము మాని కొబ్బరినూనె వంటి కొవ్వును దినమునకు 70 గ్రాములకు తక్కువ కాకుండ పుచ్చుకొనవలెను. ఒకరు నూనె వలదనిరి. మరియొకరు నూనెయే ఆధారమనిరి. ఇరువురి మార్గములందును బరువు తగ్గినవారున్నారు. ఇది యెట్లు?

రెండు మార్గములందును మిఠాయిలు, వేపుళ్లు, వేళకాని వేళ తినుబండారములు ఆగిపోవును. ఆత్రేయపురము పూతరేకు మొదలు సాయంకాలపు బజ్జీ వరకు అన్నియు పళ్లెము విడిచిపోవును. అదిగాక, మన కాలేయము, కండరములు పిండిపదార్థమును గ్లైకోజెను రూపమున దాచుకొనును. దాని ఒక్కొక్క గ్రాముతో సుమారు 3 గ్రాముల నీరు నిలిచియుండును. అన్నము మానగనే ఆ నిలువ కరగి, నీరు వెడలిపోవును. మొదటి వారమున తగ్గిన బరువులో అధికభాగమిదియే. ఒళ్లు తేలికపడుట నిజమే. విషము దిగుట మాత్రము కారణము కాదు. విషములను వెడలించు పని కాలేయము, మూత్రపిండములు అహోరాత్రములు చేయుచునే యున్నవి. ఆరోగ్యవంతుని మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందు ఒకటి రెండు లీటర్లను మాత్రమే బయటికి పంపును. ఈ పనిని ఏ కషాయమును చేయజాలదు.

ఇక విసర్జనాహారము సంగతి. హాలండు వైద్యుడు డికే, కొందరు పిల్లలు గోధుమ మాన్పించినపుడు కోలుకొనుటయు, మరల పెట్టినపుడు జబ్బుపడుటయు గమనించి, 1950లో తన సిద్ధాంతగ్రంథమున వెల్లడించినారు. ఇందు ముఖ్యమైనది రెండవ సగము. మానినపుడు బాగుండుట సగము సాక్ష్యమే. మరల తిన్నపుడు బాధ తిరిగి వచ్చినగాని నేరము రుజువు కాదు.

ఈ ధర్మము మన పెద్దలకు తెలియనిది కాదు. భీష్మైకాదశినాడు అంతర్వేదిలో ఉపవసించినవారికి ద్వాదశినాడు పారణ కలదు. పారణ లేక వ్రతము పూర్తి కాదు. ఆయుర్వేదమున శోధనచికిత్స పిమ్మట పేయ, విలేపి, యూషము అను క్రమమున రోగిని మెల్లగా మామూలు భోజనమునకు తెచ్చెదరు. పథ్యము పట్టుట ఎంత ముఖ్యమో, విడుచుటయు అంత ముఖ్యము.

పరీక్ష చేయదలచినవారు ముందుగా రెండు వారములు తిన్నదియు, కలిగిన బాధయు వ్రాసికొనవలెను. అనుమానము పాలమీద పడినదనుకొందము. రెండు మొదలు నాలుగు వారములు పాలు మాని, పిదప మొదటిదినము అరగ్లాసు, మరునాడు గ్లాసు చొప్పున మూడు దినములు త్రాగి చూడవలెను. కడుపుబ్బరము తిరిగి వచ్చినచో పాలలోని చక్కెర అరుగుటలేదని ఊహింపవచ్చును. అట్టివారిలో పెక్కుమందికి పెరుగు, మజ్జిగ సరిపడును. వానిని కూడ మానుట వ్యర్థత్యాగము. ఒకేసారి పాలు, వంకాయ, పప్పు, చేప అన్నియు మానినచో దోషి ఎవ్వరో ఎన్నటికిని తెలియదు. రొయ్యలు తిన్నపుడు ఒళ్లంత దద్దురులు లేచినవారు, ఊపిరాడనివారు మాత్రము ఇంట ఈ పరీక్ష చేయనేకూడదు.

కోనసీమవారికి ప్రత్యేకముగా చెప్పవలసిన మాట ఒకటి కలదు. కొబ్బరిబొండము నీరు మూత్రపిండములను కడుగునని అమలాపురము మొదలు రాజోలు వరకు ప్రతి పెరటిలోను చెప్పుకొందురు. ఆరోగ్యవంతునకు అది మంచి పానీయమే. కాని ఒక్క బొండములో అరగ్రాము పైబడి పొటాషియము ఉండవచ్చును. మూత్రపిండములు చెడినవారు దానిని వెడలింపలేరు; రక్తమున అది పెరిగినచో గుండె లయ తప్పును. శుద్ధికై త్రాగిన నీరే వారికి విషమగును. వైద్యుని అనుమతి లేక వారు దానిని ముట్టరాదు. అరటిపండు విషయమునను ఇదే జాగ్రత్త వలయును.

మధుమేహమునకు ఇన్సులిను గాని, గ్లిమిపిరైడు వంటి మాత్రలు గాని వాడువారు ఒక్కసారిగా అన్నము మానినచో చక్కెర పడిపోయి చెమట, వణుకు, స్పృహ తప్పుట కలుగవచ్చును. అట్లని మందును స్వయముగా మానుటయు ప్రమాదమే. మోతాదును ముందుగా వైద్యుడే మార్చవలెను. గర్భిణులను, ఎదుగుచున్న పిల్లలను ఈ ప్రయోగములకు గురిచేయరాదు. బాలింతకు కూరలు, పండ్లు, నీరు తగ్గించు ఆచారము కొన్ని యిండ్లలో ఇంకను కలదు. పాలిచ్చు తల్లికి అవియే ఎక్కువగా కావలసినవి.

మిఠాయి, వేపుడు, సారాయి, పొగాకు మానుటకు ఏ పరీక్షయు అక్కరలేదు. వానికి పారణయు వలదు. మిగిలిన ఏ పదార్థమునైనను మానదలచినపుడు, దానిని మరల ఏనాడు తిని చూచెదమో ముందే నిశ్చయించుకొనుట మంచిదని మా మనవి. కారణము తెలియకయే పథ్యము పెరిగినకొలది పళ్లెము చిన్నదగును, బలము తగ్గును.