పీజీపీని ఛేదించేశారట!

టెర్మినల్ నుంచి ఈమెయిల్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, డిజిటల్ సంతకం పెట్టి పంపే పీజీపీ పద్ధతి చుట్టూ అపోహలకు కొదవ లేదు. వాటిలో బాగా మొండిది, ఎక్కువ నష్టం చేస్తున్నది ఒకటుంది: "పీజీపీని 2018లోనే ఛేదించేశారు, ఇంకా వాడటం దండగ." ఈ మాట నమ్మినవాళ్లు దీనికంటే గట్టి పద్ధతికి మారి ఉంటే పేచీ లేదు. జరుగుతున్నది వేరు. సర్వర్ పాస్‌వర్డులు, జీతాల పట్టికలు, ఆధార్ కార్డు స్కాన్లు ఏ రక్షణా లేని మామూలు మెయిల్లో పంపడానికి అదొక సాకుగా స్థిరపడింది. "ఎలాగూ అది పనిచేయదట కదా" అన్నాక ఇక అడిగేదేముంది!

పుకారుకు మూలం 2018 మే 14న బయటికొచ్చిన ఈఫెయిల్ పరిశోధన. జర్మనీలోని మ్యూన్‌స్టర్, బోకుమ్ నగరాల విశ్వవిద్యాలయాలవాళ్లు, బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయంవాళ్లు కలిసి చేసిన పని అది. పూర్తి వివరాలు అందరి చేతికీ రాకముందే, మెయిల్ యాప్‌లలోని పీజీపీ ప్లగిన్లను ఆపేయమని అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ హెచ్చరించింది. ప్లగిన్ ఆపమన్న మాట నోళ్లు మారేసరికి పీజీపీనే ఆపమన్న మాట అయింది. విడ్డూరమేమిటంటే, వచ్చిన మెయిళ్లను కమాండ్ లైన్లో డీక్రిప్ట్ చేసుకోవడం ఎలాగో అదే సంస్థ అప్పుడే విడమరిచి రాసి పెట్టింది. పుకారు మోసినవాళ్లు అంతదాకా చదివితే కదా.

దాడి నడిచే తీరు చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. దాడిదారు చేతిలో ఎన్‌క్రిప్ట్ అయిన పాత మెయిల్ ఒకటి ముందే ఉండాలి. ఏ మెయిల్‌బాక్సులోంచో కాజేశాడనుకోవచ్చు. దాన్ని అతను విప్పలేడు. అందుకని విప్పగలిగిన మనిషికే మళ్లీ పంపుతాడు, మూడు ముక్కల కొత్త మెయిల్‌గా చేసి. మొదటి ముక్కలో హెచ్‌టీఎంఎల్ బొమ్మ ట్యాగ్ ఉంటుంది. బొమ్మ చిరునామాకని కొటేషన్ గుర్తు తెరిచి, తన సర్వర్ పేరు రాసి, గుర్తు మూయకుండా వదిలేస్తాడు. రెండో ముక్క కాజేసిన మెయిల్, యథాతథంగా. మూడో ముక్కలో మూసే కొటేషన్ గుర్తు, ట్యాగ్ ముగింపు మాత్రమే. మెయిల్ యాప్ మధ్య ముక్కను ప్రైవేట్ కీతో విప్పి, మూడింటినీ కలిపి ఒకే పేజీగా కుట్టేస్తుంది. దాంతో విప్పిన సందేశం మొత్తం బొమ్మ చిరునామాలో భాగమైపోతుంది. బొమ్మ తెచ్చుకోవడానికి యాప్ దాడిదారు సర్వర్‌కు ఆ చిరునామా పంపుతుంది. అతను చేయాల్సిందల్లా తన సర్వర్ లాగ్ చదువుకోవడమే. యాపిల్ మెయిల్, థండర్‌బర్డ్‌ల అప్పటి వెర్షన్లు ఇలాగే చేశాయి. ఆ ఏడాదే వాటికి మరమ్మతులూ వచ్చాయి.

ఇందులో ఛేదన ఎక్కడుంది? పీజీపీ వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతుల్లో ఆర్‌ఎస్‌ఏ చెక్కుచెదరలేదు, ఏఈఎస్ చెక్కుచెదరలేదు. పీజీపీని టెర్మినల్లో నడిపే గ్నూపీజీ ప్రోగ్రామ్ కమాండ్ పేరు జీపీజీ. అది విప్పిన పాఠం టెర్మినల్ మీద అక్షరాలుగా పడుతుంది. ఎక్కడినుంచో బొమ్మలు తెచ్చిపెట్టే అలవాటు దానికి లేదు.

ఈఫెయిల్లో రెండో పద్ధతి ఇంకాస్త లోతైనది. అందులో ఎన్‌క్రిప్ట్ అయిన బిట్లనే అటూ ఇటూ మార్చి, విప్పినప్పుడు సందేశం మధ్యలో తమకు కావలసిన ట్యాగ్ తేలేలా చేస్తారు. ఇక్కడ నిజంగా దెబ్బ తిన్నది మెయిల్ ఎన్‌క్రిప్షన్‌కే ఉన్న మరో ప్రమాణం, ఎస్/మైమ్. సందేశాన్ని దారిలో మార్చారో లేదో పసిగట్టే ఏర్పాటు దాని ఎన్‌క్రిప్షన్‌లో అప్పటికి లేదు. పీజీపీ ప్రమాణమైన ఓపెన్‌పీజీపీలో ఉంది. సందేశం చివర చేర్చే ఆ సరిపోలిక ముద్రను ఎండీసీ అంటారు. 2007 నాటి ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4880లోనే దాని వివరం ఉంది. ముద్ర తేడా వస్తే జీపీజీ హెచ్చరిక చూపి, ఎర్రర్ కోడ్‌తో ఆగేది. కొన్ని యాప్‌లు, ప్లగిన్లు ఆ హెచ్చరికను పక్కకు నెట్టి, అప్పటికే విప్పిన పాఠాన్ని ముచ్చటగా చూపించేశాయి.

గ్నూపీజీ పూర్తిగా నిర్దోషి అనడానికీ లేదు. అది పాఠాన్ని విప్పుతూ విప్పుతూనే బయటికి వదులుతుంది. ముద్ర చూసేది ఆఖర్న. ఎండీసీ అసలు లేని పాతకాలపు సందేశాలకు ఒక్కోసారి హెచ్చరికతో సరిపెట్టేది. 2018 జూన్‌లో వచ్చిన 2.2.8 వెర్షన్ నుంచి ఎండీసీ లేకపోతే తిరస్కరణే. అదే వెర్షన్‌లో మరో లోపాన్నీ సరిచేశారు. సందేశంలో దాగిన ఫైలు పేరును వంకర చేసి, వెర్బోస్ ఆప్షన్ పెట్టుకున్నవాళ్లకు లేని సంతకాన్ని ఉన్నట్టు చూపించే వీలు అప్పటిదాకా ఉండేది. పాత సర్వర్లలో అంతకు ముందటి వెర్షన్ ఇంకా నడుస్తుంటే భయపడవలసింది దానికి, పీజీపీ పేరుకు కాదు.

దీన్నుంచి స్క్రిప్టులు రాసేవాళ్లు నేర్చుకోవలసింది ఒకటుంది. డీక్రిప్ట్ చేసిన పాఠాన్ని నేరుగా పైప్‌లో పెట్టి తరవాతి కమాండ్‌కు అందిస్తే, జీపీజీ ఆఖర్న కాదన్నా ఆ కమాండ్ అప్పటికే పాఠం మింగేసి ఉంటుంది. పైగా షెల్ మామూలుగా పైప్‌లో చివరి కమాండ్ ఫలితాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఔట్‌పుట్ ఆప్షన్‌తో ముందు ఫైలులోకి విప్పి, ఎగ్జిట్ స్టేటస్ సున్నా అయితేనే ముందుకు సాగాలి. పైప్ తప్పనిసరైతే బాష్‌లో పైప్‌ఫెయిల్ పెట్టుకోవాలి. అంతమాత్రం జాగ్రత్త పడలేక ఎన్‌క్రిప్షన్‌నే మానేయడం, ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడమే.

చిల్లర అపోహలకు ఒక్కో మాట చాలు. సంతకం పెడితే సందేశం దాగదు, ఎవరైనా చదవచ్చు. జీపీజీతో ఎన్‌క్రిప్ట్ చేసినా సబ్జెక్ట్ లైన్ దాగదు, "ఎస్‌బీఐ పాస్‌వర్డ్" అని అక్కడ రాసేవాడిని ఏ కీ కాపాడలేదు. సంతకం మీది తేదీ పెట్టినవాడి కంప్యూటర్ గడియారం చెప్పిన తేదీ, అంతే. బీసీసీలో పెట్టినవాళ్ల చిరునామా కనపడకపోయినా, వాళ్ల కీ ఐడీ సందేశంలో కనిపిస్తుంది. హిడెన్ రెసిపియెంట్ ఆప్షన్ ఉన్నది అందుకే. టెర్మినల్లో చేసినదంతా గుట్టుగా ఉంటుందనుకోవడమూ భ్రమే. ఎకో కమాండ్‌తో జీపీజీకి అందించిన రహస్యం షెల్ హిస్టరీలో నిక్షేపంగా ఉంటుంది.

"గుడ్ సిగ్నేచర్ అని వచ్చింది కాబట్టి పంపింది అతనే" అన్న నమ్మకం మాత్రం చిల్లరది కాదు. ఆ కింది వరుసలోనే, ఈ కీ ఫలానా మనిషిదే అనడానికి ఆధారం లేదని జీపీజీ హెచ్చరిస్తుంది. దాన్ని చదివేవాళ్లు అరుదు. ఎవరి పేరుతోనైనా, ఎవరి ఈమెయిల్‌తోనైనా కీ తయారుచేయడం నిమిషాల పని. ఎనిమిది అక్షరాల పొట్టి కీ ఐడీని సరిచూసుకుంటే చాలనుకునేవాళ్లకు 2014లో ఈవిల్32 ప్రయోగం సమాధానం చెప్పింది. అదే ఐడీ వచ్చే దొంగ కీని గ్రాఫిక్స్ కార్డు నాలుగు సెకన్లలో పుట్టించింది. 2016లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పేరిట అలాంటి కీ కీసర్వర్లలో తేలింది కూడా. సరిచూడవలసింది నలభై అక్షరాల ఫింగర్‌ప్రింట్ మొత్తం. అదీ మెయిల్లో కాదు, ఫోన్లోనో ముఖాముఖిగానో. సరిపోయాక ఆ కీ మీద లోకల్ సంతకం పెట్టుకుంటే జీపీజీ గొణుగుడు ఆగుతుంది. దానికి బదులు ట్రస్ట్ మోడల్ ఆల్వేస్ అని స్క్రిప్టులో రాసేసి, రెసిపియెంట్ దగ్గర మనిషి పేరులో నాలుగక్షరాలు పడేసేవాళ్లు ఆ అక్షరాలు ఇంకెవరి కీలోనూ లేవని ఎలా అనుకుంటారో! అక్కడా ఫింగర్‌ప్రింటే రాయాలి.

సంతకం పెట్టి ఎన్‌క్రిప్ట్ చేస్తే ఇక తిరుగులేదన్నదీ అతి నమ్మకమే. జీపీజీ ముందు సంతకం పెట్టి, తరవాత ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. మెయిల్ అందుకున్న మనిషి పైపొర విప్పి, లోపలి సంతకం చెదరకుండా మరొకరి కీతో ఎన్‌క్రిప్ట్ చేసి పంపవచ్చు. "రేపటి నుంచి మన ఒప్పందం రద్దు" అన్న సంతకపు వాక్యం అప్పుడు ఏమీ ఎరగని మూడో మనిషికి చేరుతుంది, అసలు రచయిత తనకే రాసినట్టుగా. డాన్ డేవిస్ అనే నిపుణుడు 2001లోనే ఈ లొసుగు ఎత్తిచూపాడు. మందు తేలికే. ఎవరికి, ఏ తేదీన, ఏ విషయమై రాస్తున్నారో సందేశం లోపలే మొదటి వరుసలో రాయడం.

"సిగ్నల్ యాప్ ఉండగా ఈ పాత చాదస్తం ఎందుకు" అనేవాళ్ల మాటలో మాత్రం పస ఉంది, ఒప్పుకోక తప్పదు. సిగ్నల్ సందేశానికో కీ మారుస్తూ పాతవాటిని చెరిపేస్తుంది. జీపీజీలో ఒకే కీ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అది ఒక్కసారి దొంగ చేతిలో పడితే, అతను దాచుకున్న పాత మెయిళ్లన్నీ తెరుచుకుంటాయి. ఇద్దరి మధ్య రోజువారీ గుట్టుకు సిగ్నల్ మేలు. అయితే డెబియన్ భద్రతా ప్రకటనల్లాంటి సంతకపు మెయిళ్లకు, అర్ధరాత్రి వేళకు పనులు నడిపే క్రాన్ పంపే బ్యాకప్ నివేదికలకు సిగ్నల్ పనికిరాదు. క్రాన్ విషయంలో జీపీజీతో ఒక లాభం కూడా ఉంది. సర్వర్ మీద పబ్లిక్ కీ ఒక్కటి ఉంటే చాలు, సర్వర్ దొంగల పాలైనా పంపేసిన నివేదికలు వాళ్లకు విడివడవు.

మన దేశంలో ఆడిటర్లు డాంగిల్‌తో పెట్టే డిజిటల్ సంతకమూ ఇదీ ఒకటే అనుకోకూడదు. లైసెన్సున్న సంస్థ జారీచేసిన సర్టిఫికెట్‌కు 2000 నాటి ఐటీ చట్టం ఇచ్చే హోదా జీపీజీ సంతకానికి లేదు. టెండర్లకు, కంపెనీ ఫైలింగులకు ఇది చెల్లదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పంపే ప్రతి మెయిల్‌నూ తమ కీకి కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యేలా కాన్ఫిగ్ ఫైలులో ఒక వరుస రాసుకోవాలి. లేకపోతే తాము పంపిన మెయిల్ తమకే విడివడదు. పాస్‌ఫ్రేజ్ మరిచిపోతే "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" లింకు ఇక్కడ ఉండదు. కీ తయారైనప్పుడే గ్నూపీజీ ఒక రద్దు పత్రాన్ని కూడా తయారుచేసి, తన ఫోల్డర్‌లో ఉంచుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, కాగితం మీద ప్రింట్ తీసి, కంప్యూటర్‌కు దూరంగా భద్రపరచాలి. పొరపాటున ఎవరూ వాడేయకుండా ఆ ఫైలులో గీతల వరుసకు ముందు ఒక కోలన్ పెట్టి ఉంటుంది. కీ పోయిన రోజున ఎడిటర్లో ఆ కోలన్ చెరిపి, పత్రాన్ని ఇంపోర్ట్ చేసి, రద్దయిన కీని తమతో ఉత్తరాలు నడిపే అందరికీ పంపాలి.