నేలలోని నిప్పునకు ఊపిరాడనీయని గోడ

మన గంజాము జిల్లా పురుషోత్తంపూరు చుట్టుపట్ల ధాన్యపు మిల్లుల వెనుక ఊక గుట్టలు గుట్టలుగా పడియుండును. అట్టి గుట్ట యొకటి ఎవరో విసరిన చుట్టపీకచే రాజుకొని, మంటయన్నది లేకుండ లోలోపల నల్లబడుచుండగా, పైన బిందెలకొలది నీరు గ్రుమ్మరించినను మరునాటికి మరల పొగ లేచుట చూచివచ్చిన విద్యార్థి యొకడు, "మేష్టారూ, పైనంతా తడిసి ముద్దయినా లోపల నిప్పు ఎలా బతికిందండీ?" అని తరగతిలో నన్నడిగెను. దాని జవాబు వెదకుచు పోగా సింగరేణి బొగ్గుబాయిలును, బోర్నియో దీవిలోని చిత్తడి నేలలును ఎదురైనవి. వాని నన్నింటిలో నా మనస్సును పట్టి నిలిపినది గనిలో నిప్పు నార్పుటకై కట్టు ఒక ఇటుకగోడ.

మంట వేరు, కుములు నిప్పు వేరు. మంటకు ఆవిరిగా మారిన ఇంధనము కావలెను. గాలిలో నూటికి 21 పాళ్ళున్న ప్రాణవాయువు 16 పాళ్ళకు దిగినచో గని కార్మికుని నూనెదీపము ఆరిపోవును. కుములు నిప్పు అట్లు కాదు. అది ఘనపదార్థపు పైపొరపైననే ప్రాణవాయువుతో సంయోగము చెందుచు, తన బూడిదను తానే కప్పుకొని వేడిని వెలుపలికి పోనీయక, దీపము బ్రతుకలేని గాలిలో సయితము నెలలతరబడి జీవించును. పోసిన నీరో, కాలి నెఱ్ఱెలు వారిన త్రోవలను పట్టుకొని నిప్పును తాకకయే క్రిందికి జారిపోవును.

బొగ్గునకును పీటునకును పుట్టుక ఒక్కటియే. గాలి సోకని బురదలో సగము కుళ్ళి పేరుకొన్న మొక్కల పొర పీటు. అదియే కోట్ల సంవత్సరములు భూభారము క్రింద అణగిన పిదప బొగ్గు. 1871 ప్రాంతమున సింగరేణి గనులకు మూలమైన ఇల్లెందువద్ద డాక్టర్ విలియం కింగ్ అను భూశాస్త్రజ్ఞుడు కనిపెట్టిన పొరలు, 1889లో తవ్వకము మొదలైన ఆ పొరలు, అట్టి మొక్కల అవశేషములే. ఆయన పేర నేటికిని అచట ఒక పొర 'కింగ్ సీమ్' అని పిలువబడుచున్నది. ఈ బొగ్గునకు నిప్పు పెట్టువారెవరును అక్కరలేదు. కప్పును నిలుపుటకై విడిచిన బొగ్గు స్తంభములను (పిల్లరులను) తీసిన తరువాత కూలిన చోటును కార్మికులు గోఫ్ అందురు. అందు నలిగి మిగిలిన బొగ్గు మామూలు ఉష్ణోగ్రతయందే ప్రాణవాయువును పీల్చి వేడెక్కును. ఆ వేడిని కొనిపోవునంత గాలి లేక, వేడిని పుట్టించునంత గాలి మాత్రమే ఉన్నచోట కొన్ని మాసములకే నిప్పు పుట్టును.

దీనిని ఆర్పుటకు రెండు మార్గములు చిరకాలముగా పోటీపడినవి: నీటితో చల్లార్చుట, గాలి నరికట్టుట. నీరు సహజమైన ఆలోచనయే గాని, ఎఱ్ఱగా కాలిన బొగ్గుపై పడిన నీరు ఉదజనియును, కార్బన్ మోనాక్సైడును పుట్టించును. ఒకటి ప్రేలును, రెండవది ప్రాణము తీయును. కావున గని యింజనీర్లు దారులన్నిటికి అడ్డముగా స్టాపింగు గోడలు కట్టి నిప్పును బంధించిరి. అయినను గోడ ఎంత మందముగా కట్టినను నిప్పు కొన్నిచోట్ల ఆరలేదు.

కారణము గోడలో లేదు, గోడ కిరువైపులనున్న ఒత్తిడిలో ఉన్నది. పైనున్న పెద్ద ఫ్యాను గాలిని లాగుచుండుటచేత, గాలి ప్రవేశించు దారియందు ఒత్తిడి హెచ్చుగను, తిరిగిపోవు దారియందు తక్కువగను ఉండును. నిప్పున్న చోటునకు ఒక గోడ ఆ దారిలోను, ఇంకొక గోడ ఈ దారిలోను ఉన్నచో, ఇటుకల సందులనుండియు, పగిలిన బొగ్గునుండియు సన్నని గాలి ఆ వైపునుండి ఈ వైపునకు రేయింబవళ్ళు ప్రసరించుచునే యుండును. ఇక్కడ ఒక మహామేధావి ఆలోచన కనిపించుచున్నది. ఆ మేధావి ఎవరైనను నేను వానికి నమస్కరింతును. గోడను మందము చేయుట మాని, ప్రతి గోడకును ముందొక గోడ కట్టి నడుమ గది విడిచి, ఆ రెండు గదులను ఒక గొట్టముతో కలిపిరి. రెండు గదులలోను ఒత్తిడి సమానమైనది. సమానమైన రెండు ఒత్తిళ్ళ నడుమ గాలి కదలదు. కావున కారవలసిన గాలి బయటి గోడలనుండి వచ్చి, గొట్టముగుండ పోవునేగాని నిప్పు దరి చేరదు. U ఆకారపు గాజుగొట్టములో రంగునీరు పోసి, ఒక కొనను లోపలి గోడకు ఆవల నిప్పున్న చోటికి, ఒక కొనను ఈవల గదిలోనికి పెట్టి చూచినచో, రెండు భుజములలో నీరు ఒకే మట్టమున నిలిచినంతకాలము నిప్పునకు ఊపిరి లేదు.

ఒక చిక్కు మిగిలినది: ఆకాశము. వాతావరణ పీడనము తగ్గినపుడు మూసిన చోటునుండి వాయువు వెలుపలికి వచ్చును, పెరిగినపుడు గాలి లోనికి పోవును. మన గంజాము ప్రజలకు దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూరువద్ద తీరము దాటినపుడు దాని కేంద్రమున పీడనము 940 మిల్లిబార్ల వరకు పడిపోయెను. మామూలు 1010తో పోల్చిన నూటికి ఏడు పాళ్ళ తగ్గుదల. అంత మార్పునకు మూసిన గోఫ్‌లోని వాయువులో నూటికి ఏడు పాళ్ళు వెలుపలికి నిట్టూర్పు విడువవలసివచ్చును; తుపాను వెడలిన పిమ్మట అంత తాజా గాలి లోనికి పోవును. అందుచే ఒత్తిడిని ఒకసారి సరిచేసి మరచుటకు వీలులేదు.

ఇక నిప్పు ఆరినదో లేదో కంటితో చూడకయే తెలిసికొనుటకు గ్రాహం అను శాస్త్రజ్ఞుని నిష్పత్తి కలదు. గోడ వెనుకనున్న వాయువు నమూనాలో పుట్టిన కార్బన్ మోనాక్సైడును, ఖర్చయిన ప్రాణవాయువుతో భాగించి నూరుతో హెచ్చింతురు. బయటి గాలి కలసి నమూనా పలుచనైనను రెండు సంఖ్యలును ఒకే పాళ్ళలో తగ్గుటచేత నిష్పత్తి మారదు. విలువ 1 చేరినచో వేడిమి నిశ్చయము, 3 దాటినచో నిప్పు నిజము.

తరువాతి కథ తొందరగానే చెప్పవచ్చును. సింగరేణిలో గోదావరి ఇసుకను నీటితో గొట్టములగుండ పంపి తవ్విన ఖాళీలను నింపిరి; గోడకంటె ఇది మిన్న, ఏలన గాలి నిలుచుటకే చోటు లేదు. నత్రజనిని లోనికి పంపుట ఇటీవలి పద్ధతి. ఝరియా బొగ్గుగనులలో 1916 నాటి నిప్పు నేటికిని ఆరకుండుటకు కారణము, పాత తవ్వకములును పగుళ్ళును నేలనంతను జల్లెడ చేసియుండుట.

పీటు నేలకో, గోడ కట్టుటకు కప్పే లేదు, ఆకాశమే కప్పు. అందుకే రష్యావారు చిల్లులున్న గొట్టమును నేలలో గ్రుచ్చి, తలతన్యత తగ్గించు సబ్బువంటి ద్రవము కలిపిన నీటిని లోనికి ఎక్కించిరి; ఎండిన పీటు ఉత్త నీటిని తోసివేయును, ఈ నీటిని మాత్రము పీల్చుకొనును. అయినను విస్తీర్ణము హెచ్చినచో గొట్టములు చాలవు. అమెరికాలోని గ్రేట్ డిస్మల్ స్వాంపునందు 2011 ఆగస్టులో అంటుకొన్న నిప్పుపై అదే నెల ఐరీన్ తుపాను కుండపోతగా కురిసినను, అది 111 దినములు కుమిలిన తరువాతనే ఆరెను.

బోర్నియోలోని ఇండొనేషియా భాగమున 1996లో వరి పండింపదలచి పీటు అడవులగుండ కాలువలు తవ్విరి. నీరు దిగిపోయినది, మరుసటి యేడే అవి కాలినవి. పీటు లోపల నిప్పు పుట్టిన పిదప దానిని వెదకి చంపుటకంటె, ఆ నేలను తడిగా ఉంచుట సులభమని ఆ దేశము గుర్తించి, నీటిమట్టము ఉపరితలమునకు 40 సెంటీమీటర్ల కంటె దిగువకు పోరాదని 2014లో ఉత్తరువు చేసినది. నేడు ఆ కాలువలకే అడ్డుకట్టలు కట్టి, పోయిన నీటిని నిలుపుచున్నారు.