తప్పెవరిది? ముందుచక్రాన్ని అడగండి

చెన్నై అన్నాశాలైలో ఆటోని వెనక నుంచి బైకు గుద్దితే, చుట్టూ మూగిన జనం క్షణంలో తీర్పు చెప్పేస్తారు: వెనకవాడిదే తప్పని. శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద అంత తేలిగ్గా తేలదు. అక్కడ మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడే మార్షల్‌ని నేను. తప్పు తేల్చడం స్టీవార్డుల పని. చూసింది చూసినట్టు రాసివ్వడమే నాది: ఏ కారు లోపలి వైపుంది, ఏది దారి మూసింది, టైరు నల్లగీత మలుపుకి ఎంత ముందు మొదలైంది.

ఆ చీటీతో పాటు కెమెరా దృశ్యాలు కూడా చూసి స్టీవార్డులు వెతికేది ముఖ్యంగా ఒక్కటే. మలుపు లోపలి అంచుకి చేరేసరికి దాటబోయే కారు ఎంతవరకు వచ్చింది? ఫార్ములా వన్‌లో ఈమధ్య పాటిస్తున్న లెక్క ప్రకారం, లోపలి నుంచి దూరేవాడి ముందు ఇరుసు అప్పటికి పక్కకారు అద్దం దాకానైనా రావాలి. వస్తే అతనికి చోటివ్వాలి. రాకుండానే ముక్కు దూరిస్తే గుద్దుకున్న పాపం అతనిదే. బయటి నుంచి దాటేవాడికి నియమం ఇంకా కఠినం. ముందున్నవాడికీ హద్దుంది, అడ్డుకోవడానికి ఒక్కసారే పక్కకి జరగాలి. ఇద్దరి తప్పూ సరిసమానమైతే రేసులో మామూలేనని శిక్ష లేకుండా వదిలేస్తారు.

చెన్నైలో పుట్టిన ఫార్ములా వన్ డ్రైవర్ నరైన్ కార్తికేయన్‌కి, తప్పు ఎదుటివాడిదైతే ఎలా ఉంటుందో, తనదైతే ఎలా ఉంటుందో ఒకే రోజు అనుభవమైంది. 2012 మార్చి 25న మలేసియాలో, వానలో మొదలైన రేసు అది. ముందు జెన్సన్ బటన్ మలుపులో బ్రేకు అందక అతని కారుని గుద్ది, తన ముందు రెక్క విరగ్గొట్టుకున్నాడు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు కూడా. తర్వాత, నాలుగో స్థానంలో ఉన్న సెబాస్టియన్ వెటెల్ నరైన్‌ని ఒక ల్యాప్ తేడాతో దాటుతుంటే నరైన్ కారు ముందు రెక్క తగిలి వెటెల్ వెనక టైరు చిరిగింది. వెటెల్ పదకొండో స్థానానికి పడిపోయి, నోరు పారేసుకున్నాడు. స్టీవార్డులు నరైన్‌కి 20 సెకన్ల శిక్ష వేశారు.

పాయింట్లు పోగొట్టుకున్న బటన్, వెటెల్ ఇద్దరూ ప్రపంచ ఛాంపియన్లే. అయినా ఒకచోట తప్పు ఛాంపియన్‌ది, ఇంకోచోట వెనకబడ్డవాడిది. ఎవరు ఎంత నష్టపోయారన్నది తూకంలోకి రాలేదు.

ఈసారి టీవీలో రీప్లే వేసినప్పుడు కార్లు తగిలిన చోట కాదు, అంతకు ముందు బ్రేకు వేసిన చోట చూపు నిలపండి. సగం తీర్పు అక్కడే తెలిసిపోతుంది.